తీగ సవరించుకునే ఖాళీ

చెల్లెమ్మ చీటీలో మొదటి గడి నింపింది. ‘మాటలు’ అన్నచోట తన పేరు రాయడానికి క్షణం పట్టలేదు. రెండో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ‘బాణీ’ అన్నచోట ఎవరి పేరు రాయాలో మూడు వారాలుగా తేలడం లేదు.

టైలరు మాస్టారి కొట్టు మీది గదిలో నెలకో ఆదివారం మధ్యాహ్నం పాటలు కట్టేవాళ్ళు కూడతారు. అక్కడ ఒకటే నియమం. ఎవరి పాట వాళ్ళే పాడాలి. మాట గానీ బాణీ గానీ అరువు తెచ్చుకుంటే ఆ రోజుకి నోరు మూసుకుని వినాలి. మాటలు కట్టేది ఆమె, బాణీ కట్టేది అన్నయ్య. అందుకే పదకొండేళ్ళు ఇద్దరూ కలిసే నిలబడ్డారు. గదిలో అందరికీ అతను అన్నయ్య, ఆమె చెల్లెమ్మ. అన్నయ్య పోయి నాలుగు నెలలైంది.

ఈ కొత్త పాట బాణీ, తను పనిచేసే మందుల షాపులో సీసాలకు చీటీలు అంటిస్తుండగా దానంతటదే నోటికొచ్చింది. ఆమె భయమంతా అక్కడే. అంత సులువుగా వచ్చింది తనదెలా అవుతుంది? అన్నయ్య ఎప్పుడో తీసిన కూనిరాగం చెవిలో పడి ఉండిపోయిందేమో. అతని కూనిరాగాలన్నీ తెలిసింది ఒక్క వదినకే. ముందే అడగొచ్చు. అడుగుదామని రెండుసార్లు ఫోను చేసి, రెండుసార్లూ “భోంచేశావా వదినా” అని పెట్టేసింది.

ఇవాళ వదిన అన్నయ్య గిటారు మోసుకొచ్చి, ఆమె చేతికిచ్చి, కిటికీ పక్కన కూర్చుంది.

“రెండో గడి వదిలేశావేంటమ్మా?” అన్నాడు టైలరు మాస్టారు. మెడలో టేపు ఆదివారం కూడా తియ్యడు.

“పాడాక రాస్తాను మాస్టారూ.”

“కొలతలు తర్వాత ఇస్తాను, ముందు గుడ్డ కత్తిరించు అన్నట్టుంది.”

“ఈ ఒక్కసారికి.”

ఆయన చీటీని గుండుసూదితో గోడకున్న అట్టకి గుచ్చాడు. “నీది ఐదో వంతు. కాసేపు కూర్చో. నా గచ్చు అరిగిపోయేలా ఉంది.”

ఆమె కూర్చోలేదు. మెట్లదాకా వెళ్ళి వచ్చింది. గిటారు తీగలు మీటి చూసి, మళ్ళీ మెట్లదాకా వెళ్ళింది. నాలుగో వంతు రేడియోది. లారీ తోలే అతనికి మాట ఆపడం చేతకాక ఆ పేరొచ్చింది. ఎనిమిది చరణాలు పాడి దిగుతూ ఆమె పక్కన ఆగాడు.

“నాకన్నా బాగా పాడకు చెల్లెమ్మా. ఇంటికెళ్ళి మొహం చూపించుకోవాలి.”

“నీ తర్వాత పాడితే ఎవరైనా బాగానే పాడినట్టుంటుందిలే.”

నవ్వులు అణిగాక ఆమె గిటారు మీటుతూ మొదలుపెట్టింది. అది మందు చీటీల మీది పాట.

“పొద్దున ఒకటి, మాపున ఒకటి,
మరిచిన పూటకు మళ్ళీ వద్దు.”

మొదటి చరణం గట్టెక్కింది. వదిన కళ్ళు మూసుకుంది. గుర్తుపట్టిందా? ఆమె చేతులు తాళం కన్నా ముందుకు ఉరకబోయాయి. రెండో చరణం అయింది. అక్కడ ఆమె ఆగింది.

అన్నయ్య గిటారులో మూడో తీగ ఎప్పుడూ అక్కడికొచ్చేసరికి జారేది. అందుకని అతను ప్రతి బాణీలోనూ రెండో చరణం తర్వాత కాస్త ఖాళీ వదిలేవాడు. అతను బిరడా తిప్పి తీగ బిగిస్తుంటే, ఆమె “ఈలోగా దాహమైనవాళ్ళు మంచినీళ్ళు తాగండి” అనేది. వదిన నిన్ననే ఆ బిరడా మార్పించింది. తీగ బిగువుగానే ఉంది. సవరించడానికి ఏమీ లేదు. ఈ ఖాళీ ఆమె కావాలని పెట్టింది కాదు. అయితే బాణీ అతనిదే, అనుకుంది.

వెనక కుర్చీ కిర్రుమంది. రేడియో అలవాటు కొద్దీ లేచి, కుండలో గ్లాసు ముంచి, ఈసారి ఎవరూ నీళ్ళు తాగమనలేదని గుర్తొచ్చి అలాగే నిలబడిపోయాడు.

“తాగు,” అంది ఆమె. “ఇంకో చరణం ఉంది.”

ఆ చరణం పాడి, చప్పట్లు ఆగకముందే కిటికీ దగ్గరికి నడిచింది.

“నిజం చెప్పు వదినా. ఇది ఇంట్లో అన్నయ్య నోట విన్నావా?”

వదిన గిటారు అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

“విందామనే వచ్చాను. ఆయన బాణీ ఇంకొకటి నీ దగ్గర ఉండిపోయి ఉంటుందనుకున్నాను. మొదటి చరణంలోనే తెలిసిపోయింది, కాదని. ఇది నీదే.”

“మరి ఆ ఖాళీ?”

“అది ఆ పాడు తీగది. పదకొండేళ్ళు దానికోసం ఆగీ ఆగీ నీకూ అంటుకుంది.”

మూడు వారాలుగా వినాలనుకున్న మాట అదే. విన్నాక ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. వదిన పక్కన కూర్చుని, ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది. అతనిది ఇంకొకటి మిగల్లేదన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

టైలరు మాస్టారు చీటీ, పెన్ను తెచ్చి ఇచ్చాడు. ఆమె రెండో గడిలో తన పేరు రాసింది. అక్షరాలు కొంచెం వంకర పోయాయి.

ఆరో పాట మొదలైంది. ఆమె పాదం తాళం వేస్తూనే ఉంది, ఆ పాటకు కాదు, తన బాణీకి.