అపొండి మింగిన మాత్రలు

ఆడది పడవెక్కితే వలలో చేప పడదంటారు ఆ సరస్సు ఒడ్డున. అదే ఆడది నడుము లోతు నీళ్లలో నిలబడి మగవాళ్ల బట్టలు ఉతికితే మాత్రం ఏ అరిష్టమూ లేదు. అపొండి పెళ్లయిన నాటి నుంచీ ఆ నీళ్లలోనే నిలబడింది. నీళ్లలో పురుగులుంటాయనీ, చర్మంలోంచి దూరి ఒంట్లో కాపురం పెడతాయనీ ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన బట్టలు వాటంతటవే ఉతుక్కుంటాయా?

కూతురు అకెచ్‌కి తట్టు టీకా వేయించింది. అయినా పిల్ల తట్టు పోసే పోయింది. "టీకా వేయించానే!" అని అపొండి గుండెలు బాదుకుంటే ఆసుపత్రి నర్సు ఉన్నమాట చెప్పింది. "తల్లి ఒంట్లో పురుగులుంటే, కడుపులో ఉన్న బిడ్డకి తర్వాత టీకా సరిగా పట్టకపోవచ్చమ్మా. నీ బిడ్డకి అదే జరిగిందని చెప్పలేను. మళ్లీ కడుపొస్తే, మూడు నెలలు దాటాక మాత్రలు వేసుకో."

వెంట వచ్చిన అత్త అందులో మొదటి ముక్కే ఇంటికి మోసుకొచ్చింది. "దీని కడుపు పురుగుల పుట్ట. నా మనవరాల్ని అదే తినేసింది" అని ఊరంతా చాటింది. మొగుడు ఒకుము కాదనలేదు. మొక్కజొన్న పిండితో వండిన ఉగాలి ముద్ద చేపల పులుసులో అద్దుకుంటూ, "ఉతికిన చొక్కా ఏదీ?" అన్నాడు. ఆ రోజు అతని మీద పుట్టిన అసహ్యం అపొండికి ఇక పోలేదు.

ఇప్పుడామెకు ఐదో నెల. ఏటా ఊళ్లో పురుగుల మాత్రలు పంచే పని మరిది ఒగోలాది. ఎత్తు కొలిచే కర్రతో వాకిట్లోకి వచ్చాడు. ఎంత ఎత్తుకి అన్ని మాత్రలు, అతని కళ్లముందే మింగాలి. అన్నను కొలిచి అరచేతిలో మాత్రలు పోశాడు. అపొండి కర్ర పక్కన నిలబడబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీకొద్దు వదినా. కడుపుతో ఉన్నావుగా."

"మూడు నెలలు దాటితే వేసుకోమంది నర్సు."

"ఒకేడు కడుపంటావు, ఇంకో ఏడు పాలిస్తున్నానంటావు. నీకు ఖాళీ ఎప్పుడే తల్లీ!" అని పకపకా నవ్వాడు. "అన్న సరేనంటే ఇస్తా."

"సరస్సు మీదికెళ్లేది నేను. దీనికెందుకురా మాత్రలు?" అన్నాడు ఒకుము. "నీళ్లు పట్రా."

అపొండి నీళ్లు తెచ్చింది. మొగుడితో సమానంగా పొడవుందని పెళ్లినాడే అత్త ఈసడించిన మనిషి ఆమె. అతనికెన్నో తనకూ అన్నే. అతని అరచేతిలోంచి మాత్రలు లాక్కుని, ఒక్కొక్కటే నోట్లో వేసుకుని, ఆ నీళ్లు తనే తాగింది. చేదుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకుము చెయ్యి అలాగే చాచి ఉండిపోయాడు.

అత్త నెత్తి బాదుకుంది. "ముండా, కడుపులో బిడ్డ చస్తే?"

అపొండి మూతి తుడుచుకుంది.

"చచ్చిన బిడ్డ ఏ మాత్రా మింగని కడుపున పుట్టిందే, అత్తా."