ఆవకాయలో ఊరిన వాచీ

రేపల్లె నుంచి మాణిక్యాంబ తెనాలి పుట్టింటికి వెళ్తే, అన్నగారు సాంబశివరావు ముందు చెల్లెల్ని పలకరించేవాడు కాదు. ఆమె మొగుడి చేతి వాచీని పలకరించేవాడు.

"ఏం బావగారూ, ఇంకా తిరుగుతోందా?"

వెంకటకృష్ణయ్య చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "తిరుగుతోందండి" అనేవాడు. ఆ మనిషికి వెటకారం తగలదు. ఆయన వంతు కూడా కలిపి మాణిక్యాంబకే తగిలేది.

ఆ వాచీ ఆమె తండ్రి ఇచ్చింది. ఆయన మద్రాసు వెళ్ళి ఒకే రకం స్విస్ వాచీలు రెండు కొనుక్కొచ్చి, ఒకటి కొడుకు చేతికి పెట్టాడు. రెండోది పెళ్ళిలో అల్లుడు అలకపాన్పు మీద కూర్చున్నప్పుడు ఇచ్చాడు. వెంకటకృష్ణయ్యకి పాపం అలగడం కూడా సరిగ్గా చేతకాలేదు. ఏం కావాలి నాయనా అంటే, మీ ఇష్టమండి అన్నాడు. అలాంటివాడికి అంత మంచి వాచీ ఎందుకని సాంబశివరావుకి కడుపుమంట అప్పుడే మొదలైంది. తండ్రి పోయాక అది మాటల్లోకి వచ్చింది. నాన్న తనకి కొత్తది కొన్నాడట, చెల్లెలి మొగుడికి మాత్రం ఎవరో వాడి వదిలేసినదాన్ని పైపైన బాగుచేయించి ఇచ్చాడట. తన వాచీని బీరువాలో దూదిలో పెట్టి, పెళ్ళిళ్ళకి తప్ప బయటికి తీసేవాడు కాదు.

"కావాలంటే పక్కపక్కన పెట్టి చూడండి. నా అంకెలు సన్నగా ఉంటాయి. మీవి బొద్దుగా ఉంటాయి" అనేవాడు.

అంకెలు ఎందుకు బొద్దెక్కాయో మాణిక్యాంబకి తెలుసు. అందుకే మింగలేక కక్కలేక ఊరుకునేది.

డెబ్భై రెండులో తండ్రి ఆబ్దికానికి అందరూ తెనాలిలో కలిశారు. భోజనాలయ్యాక, తాంబూలం నములుతూ, చుట్టాలందరూ వింటుండగా సాంబశివరావు మళ్ళీ ఆ పాటే ఎత్తుకున్నాడు. ఆబ్దికం నాడు కూడా తండ్రిని వదలడేమిటని మాణిక్యాంబకి ఒళ్ళు మండిపోయింది.

"నాన్న అట్లాంటివాడు కాదు. కూతురికి పాతది అంటగట్టే మనిషి కాదు."

"అయితే వాచీల పున్నారావు కొట్టుకి పోదాం పద. రెండూ విప్పించి చూద్దాం."

"పద" అంది. నోట్లోంచి మాట పడ్డాక నాలిక్కరుచుకుంది.

సంగతి ఇదీ. అరవై నాలుగు వేసవిలో వెంకటకృష్ణయ్య పెనుమూడి లంకలో దోసపాదుల దగ్గర కొన్నాళ్ళు ఉండాల్సి వచ్చింది. బురదలోకి వాచీ ఎందుకని ఇంట్లో వదిలి వెళ్ళాడు. నాన్న కొన్న వాచీ ఒక్కసారి పెట్టుకోవాలని మాణిక్యాంబకి పెళ్ళినాటి నుంచీ ఉంది. పెట్టుకుంది. పెట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే, ముక్కలు ఆరిపోతున్నాయి రమ్మని అత్తగారు కేకేసింది. కంగారులో వాచీని మోచేతి పైకి, రవిక చేతి కిందికి తోసి కనపడకుండా చేసి, వెళ్ళి చెయ్యి మోచేతిదాకా జాడీలో పెట్టి ఆవకాయ కలిపేసింది. మగవాడి చేతి పట్టీ వదులు, పైగా నూనె చెయ్యి. చేతులు కడుక్కునేటప్పుడు చూస్తే వాచీ లేదు.

అప్పటికే అత్తగారు జాడీకి గుడ్డ కట్టేసింది. మూడో రోజు తిరగగలిపేదాకా ఆ గుడ్డ విప్పడానికి ఆ ఇంట్లో ఎవరికీ హక్కు లేదు. ముందే విప్పితే ఆవకాయ బూజు పడుతుందని ఆవిడ నమ్మకం. పైగా జాడీ పక్కనే మంచం వేసుకుని పడుకునే మనిషి. కోడలు ఆ రోజులన్నీ ఆ గదిలోకి ఏదో ఒక పని కల్పించుకుని వెళ్ళి, జాడీకి చెవి ఆనించి వినేది. మొదట్లో టిక్కుటిక్కుమన్నట్టే అనిపించింది. తరవాత అదీ లేదు.

మూడో రోజు తానే తిరగగలుపుతానని పట్టుబట్టి, వాచీని కొంగులోకి తీసింది. ప్లాస్టిక్ అద్దం ఊడిపోయింది. ముఖమంతా ఎర్రగా కారం. పెద్ద ముల్లు, చిన్న ముల్లు ముక్కల మధ్య వంకర్లు పోయి దొరికాయి గానీ, వెంట్రుకలా ఉండే సెకన్ల ముల్లు దొరకలేదు. అడవులదీవి నుంచి చేపలు తెచ్చే కోటిరత్నం చేతులు పట్టుకుని బతిమాలితే, ఆవిడ దాన్ని గంపలో చేపల కింద దాచి బాపట్ల తీసుకెళ్ళి బాగుచేయించి తెచ్చింది. ఆవకాయ వాసన పోయి చేపల వాసన వచ్చింది. వాచీ ఆగిపోతే బాపట్ల పంపానని మొగుడికి చెప్పింది. ఆయన పెట్టుకున్నాడు, చెవి దగ్గర పెట్టి విన్నాడు, బాగానే ఉందన్నాడు. ఇంత అమాయకుడు దొరకడం తన అదృష్టం అనుకుంది.

పున్నారావుకి తెనాలిలో తనంతటి వాచీల పండితుడు లేడని గట్టి నమ్మకం. కంటద్దం తగిలించుకుని రెండు వాచీల వెనక మూతలూ విప్పాడు.

"సాంబశివరావుగారి దాంట్లో నట్టు కూడా ఎవరూ తాకలేదండి. రెండోదానికి మిషను అసలుదే, పెట్టె అసలుదే. ముఖం మాత్రం చెరిపి మళ్ళీ రాయించారు. అంకెలు చూడండి, పెయింటరు రాసిన బోర్డులా ఉన్నాయి. ముళ్ళు మూడూ వేరే వాచీవి. పెద్ద ముల్లు గీత దాకా అందటంలేదు."

"నేను చెప్పలా?" అన్నాడు సాంబశివరావు. "పాత మిషనుకి కొత్త మొహం. నాన్న సెకండ్‌హ్యాండుది కొని రంగేయించాడు."

మాణిక్యాంబ ఇరుక్కుపోయింది. నోరు మూసుకుంటే నాన్న మోసగాడు. నోరు తెరిస్తే ఇన్నేళ్ళూ మొగుడితో అబద్ధమాడిన మనిషి తాను. ఆయన వైపు చూడకుండా, పున్నారావు కొట్టు గోడకేసి చూస్తూ చెప్పేసింది.

"నాన్న కొత్తదే ఇచ్చాడు. నేను పాడుచేశా. ఆవకాయ జాడీలో పడేశా."

రవిక చెయ్యి దగ్గర నుంచి చేపల గంప దాకా మొత్తం చెప్పింది. పున్నారావు కంటద్దం తీసేసి విన్నాడు. సాంబశివరావు నవ్వాడు.

"బాగుంది కథ. నాన్నని వెనకేసుకు రావటానికి ఇంత వంట చెయ్యాలా? రుజువేదీ?"

వెంకటకృష్ణయ్య గొంతు సవరించుకున్నాడు. పర్సు తీసి, దాని లోపలి అరలోంచి మడతపెట్టిన కాగితం పొట్లం తీసి, పున్నారావు బల్ల మీద విప్పాడు. సన్నటి నీలి ముల్లు. కొస కాస్త తుప్పు పట్టింది.

"ఆ ఏడు శ్రావణంలో అన్నంలోకి వచ్చిందండి. పంటికి తగిలింది. కాస్తయితే మింగేవాణ్ణి."

పున్నారావు దాన్ని చిమటాతో పట్టుకుని, సాంబశివరావు వాచీలో సెకన్ల ముల్లు పక్కన పెట్టి చూశాడు. అదే పొడుగు, అదే తోక, అదే నీలం.

"ఒక్క కంపెనీవే. రెండూ ఒక్కలాంటివే కొన్నారండి పెద్దాయన" అన్నాడు.

మాణిక్యాంబ అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారండీ?"

"అడిగితే నువ్వు బాధపడి ఆవకాయ పెట్టటం మానేస్తావేమోనని. ఆ ఏటిది మహా బాగా కుదిరింది." ఆయన ముల్లుని మళ్ళీ పొట్లం కట్టాడు. "అయినా పెట్టుకోవాలని ఉంటే నన్నడగొచ్చుగా మాణిక్యం. మీ నాన్న కొన్నదేగా."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అమాయకుడనుకుని ఇన్నేళ్ళూ ఈ మనిషికి తాను అన్నం వడ్డించింది.

సాంబశివరావు తన వాచీని దూదిలో చుట్టుకుంటున్నాడు. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు.

"అంటే నాన్న ఇద్దరికీ ఒకటే ఇచ్చాడన్నమాట" అన్నాడు నీరసంగా.

"అవును అన్నయ్యా. నీకేం తక్కువ చెయ్యలేదు" అంది మాణిక్యాంబ.

ఆ మాటకి సాంబశివరావు తలెత్తి చెల్లెల్ని చూశాడు. కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు.