దొరసాని మెడ

ఆరో తట్ట పేడ దిబ్బ మీద కుమ్మరించేసరికి తెల్లవారింది. ఆదోని ఊరిచివర, పత్తి జిన్నింగు మిల్లు గోడ పక్కనున్న జొహరాబీ గేదెల కొట్టంలో ముత్తమ్మ పంతొమ్మిదేళ్లుగా చేస్తున్న పని ఇదే. పొట్టి మనిషి. మోకాళ్ల పైకి ఎగ్గట్టిన చీర, కాయలు కాచిన అరచేతులు, ముక్కూ నోరూ మూస్తూ ఎర్ర తువ్వాలు.

ఆ తువ్వాలు కట్టి ఎనిమిది నెలలైంది. టీబీ అని తేలిన రోజున కట్టింది. ఆరు నెలలు మాత్రలు మింగాక నయమైందనీ, ఇక ఎవరికీ అంటదనీ ఆసుపత్రిలో చెప్పారు. అయినా విప్పలేదు. మనిషి జబ్బు పశువుకూ, పశువు జబ్బు మనిషికీ అంటవచ్చని పశువుల డాక్టరు సరస్వతి ఒక మాట అనేసింది. అంతే, ముత్తమ్మ గుండెల్లో రాయి పడింది.

దొరసాని అంటే ఆమెకు ప్రాణం. ఇంకొకరు చెయ్యి వేస్తే పాలు చేపదు కాబట్టి ఆ గేదెకు ఆ పేరు. పోయిన చలికాలమంతా ముత్తమ్మ దగ్గుతూ దాని మెడ పక్కనే పడుకుంది. దానికి చలిగాలి తగలకూడదని కిటికీలకు గోనెపట్టాలు కుట్టింది కూడా ఈ మహాతల్లే.

మూడు రోజుల కిందట సరస్వతి పన్నెండు గేదెల మెడలు గొరిగి సూదులు వేసింది. వాపు వస్తే జబ్బున్నట్టు. అప్పట్నుంచి ముత్తమ్మకు అన్నం సయించలేదు.

పదింటికి డాక్టరు వచ్చి ఒక్కో మెడ చర్మం మడతపట్టి కొలిచింది. దొరసాని వంతు వచ్చేసరికి పలుపు పట్టుకున్న ముత్తమ్మ కళ్లు మూసుకుని యేసయ్యను తలచుకుంది. పక్కన జొహరాబీ అల్లాను తలచుకుంది.

“దీనికేం లేదు” అంది సరస్వతి.

“ఇంగోసారి సెప్పు తల్లీ.”

“దొరసానికి ఏ జబ్బూ లేదమ్మా.”

జొహరాబీ పకపకా నవ్వింది. “ఇంగ ఆ గుడ్డ తీసెయ్ ముత్తమ్మా. నీ మొగం యెట్లుంటాదో మర్సిపోయినా.”

తీసింది. దొరసాని కాసేపు చూసి, గరుకు నాలుకతో చెంప నాకింది. ముత్తమ్మకు సంతోషం పట్టలేక ఏడుపొచ్చింది.

చివరిది పోయిన నెల సంతలో కొని, పరీక్ష లేకుండానే తక్కినవాటి మధ్య కట్టేసిన గేదె. దాని మెడ మీద నిమ్మకాయంత వాపు.

“దీన్ని దూరంగా కట్టండి. దీని పాలు వాడొద్దు. మిగతావాటివి కాచే తాగండి, వాటికి మళ్లీ పరీక్ష చేస్తాను” అని డాక్టరు కిటికీల వంక చూసింది. “ఈ గోనెలు ఎవరు కుట్టారు?”

“నేనేమ్మా. సలి అని.”

“గాలి ఆడకపోతే జబ్బు ఒకదాన్నుంచి ఇంకొకదానికి పాకుతుంది. పీకేయమ్మా.”

పదేళ్ల వయసు తగ్గినట్టు ఎగిరెగిరి పీకింది ముత్తమ్మ. కొట్టంలోకి ఎండ పడింది.

సాయంత్రం కొత్త గేదెను తీసుకుపోవడానికి టెంపో వచ్చింది. నందవరం దగ్గర జొహరాబీ తమ్ముడి పొలంలో పశువులేమీ లేని పాక ఒకటుంది. టెంపో ఎక్కించాక ముత్తమ్మ దాని నోటికి గుప్పెడు పచ్చిగడ్డి అందించింది. “పోయిరా తల్లీ. ఆడ గాలి బాగుంటాది.” అది గడ్డి నములుతూనే మలుపు తిరిగిపోయింది.

చీకటి పడకముందే ముత్తమ్మ ఇంటిదారి పట్టింది, మొహానికి గాలి తగిలించుకుంటూ. తువ్వాలు మాట ఆమెకు గుర్తే లేదు. అది కిటికీ ఊచకు వేలాడుతోంది. ఒక మూల అప్పటికే దొరసాని నోట్లో ఉంది.