పాటల మధ్య మాటలు

పాత కంప్యూటర్ వదిలేసి మ్యాక్‌కి మారడానికి సుధాకర్‌కు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ పని శ్రద్ధగానే చేశాడు. ఆ శ్రద్ధే అతని కొంప ముంచింది.

నరసరావుపేట ప్రకాష్‌నగర్‌లో, ఇంటి మేడ మీద గది అతని స్టూడియో. గోడల నిండా దూది బొంతలు, తలుపుకు మరో రెండు. అయినా కింద మిరపకాయల లారీ హారన్ కొట్టిందంటే పాట మళ్లీ మొదటి నుంచీ పాడాల్సిందే. కోటప్పకొండ తిరునాళ్లకు ఊరూరి ప్రభల పాటలు, పెళ్లిళ్లకు డీజే పాటలు, ఎన్నికలొస్తే నాయకుల పాటలు. పాడేది అతని భార్య సుకన్య. ఒకే బాణీలో పొద్దున ఒక పార్టీ నాయకుణ్ని సింహమని పాడి, కిందికెళ్లి అన్నం తినొచ్చి రెండో పార్టీ నాయకుణ్ని పులి అని పాడేది. రెండు పాటలూ ఒకే గొంతని అందరికీ తెలుసు. దాంతో ఎవరికీ పేచీ లేదు.

పేచీ తేగలిగింది వేరే ఉంది. రికార్డు బటన్ ఒకసారి నొక్కితే పాట పూర్తయ్యేదాకా ఆపకపోవడం సుధాకర్ అలవాటు. మంచి ముక్క ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసనేవాడు. అందుకని చరణానికీ చరణానికీ మధ్య సుకన్య మాట్లాడేదంతా డిస్కులోకి ఎక్కేది. ఆమె నోరు మూసుకుని కూర్చునే మనిషి కాదు.

"ఏందయ్యా ఇది, ఈయన రైతుల పాలిట దేవుడంటనా? మా పిన్నోళ్లని పొలంలో బోరెయ్యనీకుండా అడ్డం పడింది ఈయనే గదా! నేను పాడను పో, నవ్వొస్తంది."

హెడ్‌ఫోన్స్‌లో వింటూ సుధాకరూ నవ్వేవాడు. తర్వాత ఆమె పాడేది, మళ్లీ మాట్లాడేది. పదహారేళ్ల మాటలు అలా ఆ పాత కంప్యూటర్ డబ్బాలో పేరుకుపోయాయి.

డబ్బా ముసలిదైపోయింది. పల్లవి మధ్యలో బిగుసుకుపోవడం, పాడిన పాట మింగేయడం మొదలైంది. పైగా హైదరాబాద్‌లో మిక్సింగ్ చేసేవాళ్లు ఇక మీదట మ్యాక్‌లో చేసిన పాటలే పంపమన్నారు. స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే అల్తాఫ్‌కు సుధాకర్ సొంత అన్నకంటే ఎక్కువ. అతనే గుంటూరు నుంచి వాడిన మ్యాక్ ఒకటి తెప్పించి పెట్టాడు. పాత సాఫ్ట్‌వేర్ అందులో నడవదు. పాత పాటలు కావాలంటే ఒక్కొక్క పాటనూ తెరిచి, గొంతు విడిగా, డోలు విడిగా, కీబోర్డు విడిగా ఫైళ్లు చేసి ఇటు తెచ్చుకోవాలి.

"ఆ పాతది మాచర్లలో నెట్ సెంటర్‌వాళ్లు అడుగుతున్నారన్నా. ఇచ్చేద్దామా?" అన్నాడు అల్తాఫ్.

సుధాకర్‌కు అందులో ఉన్న సుకన్య మాటలు గుర్తొచ్చాయి. ఆ ఏడాదే గురజాల అవతల ఒక ఊళ్లో, ఎవరో ఫోన్‌లో నాయకుణ్ని ఆడిపోసుకున్న మాటలు వాట్సాప్‌లో పాకి, అతని కళ్లంలో మిరపకాయలు తగలబడ్డాయి. అవి ఒక్క ఫోన్‌కాల్ మాటలు. ఇక్కడ పదహారేళ్లవి ఉన్నాయి, రెండు పార్టీలనూ అన్నవి.

ఆ రోజు నుంచి గొంతు ట్రాకులన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. పాడినంతవరకు ఉంచి, మాటలన్నీ కోసేశాడు. ఏ ఫైల్లోనూ ఆమె ఊపిరి పీల్చిన చప్పుడు కూడా మిగలనివ్వలేదు. పాటలు మ్యాక్‌లోకి చేరాక, పాతవాటి నకళ్లున్న బ్యాకప్ డిస్కును కూడా మ్యాక్‌కు తగ్గట్టు ఫార్మాట్ చేశాడు, అందులోవీ చెరిగిపోయాయి. చివరికి పాత కంప్యూటర్ని అల్తాఫ్ షాపుకు తానే మోసుకెళ్లాడు.

"మూడుసార్లు తుడువు. మళ్లీ ఎవడూ బయటికి తియ్యలేనట్టు."

"ఒకసారి చాలదా అన్నా?"

"మీ వదిన మాట ఒక్కటి బయటపడ్డా మాకు ఊళ్లో బతుకుండదు. తుడువు."

పక్కనే స్టూలు వేసుకుని అయిపోయేదాకా కూర్చున్నాడు. కంప్యూటర్ మాచర్ల వెళ్లిందని సుకన్యకు తెలుసు, తుడిపించిన సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే పిరికిపంద అని వారం రోజులు ఆటపట్టిస్తుందని ఊరుకున్నాడు. ఆమెకు అప్పటికే గొంతు బొంగురుపోయి ఉంది. తిరునాళ్ల పాటలు ఎక్కువై అలిసిందనుకుని ఇద్దరూ శొంఠి, మిరియాల కషాయంతో సరిపెట్టారు.

శొంఠికి లొంగే జబ్బు కాదది. రెండు నెలలకు గుంటూరు తీసుకెళ్లేసరికి ఊపిరాడని స్థితి వచ్చింది. క్యాన్సర్ అన్నారు, ఆలస్యమైందన్నారు, ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాల్సిందేనన్నారు. తీసేశారు. మెడ కింద ఊపిరికో రంధ్రం మిగిలింది. మాట మిగల్లేదు.

కుట్లు విప్పిన రోజు, మాట పోయినవాళ్లకు తర్ఫీదు ఇచ్చే అమ్మాయి ఒకామె వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"ఆపరేషన్‌కి ముందు మామూలుగా మాట్లాడిన రికార్డింగ్ ఏమైనా ఉందాండీ? గొంతు బాగున్నప్పటిది. అరగంట ఉన్నా చాలు. మీరు ఫోన్‌లో టైప్ చేస్తే మీ గొంతుతోనే పలికేలా చెయ్యొచ్చు."

సుకన్య ముఖం వెలిగిపోయింది. పక్కనున్న నోటుబుక్కు లాక్కుని పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: మా ఇంట్లో పదహారేళ్లది ఉంది. ఆ అమ్మాయికి చూపించింది. పక్క మంచం మీది ముసలామెకూ చూపించింది. చివర్లో సుధాకర్ వైపు తిరిగి చూపించి, చూశావా అన్నట్టు కళ్లెగరేసింది. ఆమె నవ్వగా చూసి అప్పటికి నెల దాటింది. సుధాకర్ తలూపాడు. ఆ తలూపినందుకు తర్వాత తనను తాను ఎన్నిసార్లు తిట్టుకున్నాడో లెక్క లేదు.

ఇంటికి వచ్చాక రోజూ అదే ప్రశ్న. పుస్తకంలో రాసి చూపించేది: దొరికిందా?

"ఆ మ్యాక్‌లో ఓపెన్ కావటం లేదే. పాతదానికీ దీనికీ పొత్తు కుదరటల్లా. టైం పడుద్ది" అనేవాడు.

మేడెక్కి వెతకని చోటు లేదు. ఫోన్‌లో నాలుగు వాయిస్ మెసేజీలు దొరికాయి, నాలుగూ బొంగురుపోయాక పెట్టినవే. ఆశ చావక పాటల్లోని గొంతు ట్రాకులు ఆసుపత్రిలో కలిసిన ఆ అమ్మాయికి పంపాడు. ఇవి పనికిరావండీ, శ్రుతి సరిచేసేశారు, మాట్లాడే తీరు వీటిలో లేదు అని ఆమె తిరిగి రాసింది. ఎవరెవరి పేర్లకో జేజేలు కొట్టిన సుకన్య గొంతు గంటల కొద్దీ ఉంది. ఇంట్లో మనిషిని అన్నానికి పిలిచే గొంతు ఒక్క క్షణం లేదు. ఆ గొంతును ఏ దొంగా ఎత్తుకుపోలేదు, చేజేతులా తానే కోసి పారేశాడు. ఆ సంగతి నోరు తెరిచి చెప్పడానికి అతనికి ధైర్యం చాలలేదు.

సుకన్య ఇక అతని మీద ఆధారపడలేదు. పాత కంప్యూటర్‌ను మాచర్ల నుంచి వెనక్కి తెప్పించమని అల్తాఫ్‌కు మెసేజ్ పెట్టింది. మర్నాడు పొద్దున్నే అతను వచ్చేశాడు. ఆమె ముందు గదిలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మేడ మీద నుంచి సుధాకర్ దిగేలోపే అల్తాఫ్ అనేశాడు.

"తెమ్మంటే తెస్తా గానీ వదినా, దాంట్లో ఏముంటది? అన్నే గదా మూడుసార్లు తుడిపించింది. నీ మాట ఒక్కటి కూడా ఉండగూడదని పక్కన కూచోని మరీ చూసుకున్నాడు."

మెట్ల మీద నిలబడ్డ సుధాకర్ ముఖం చూశాక అల్తాఫ్‌కు సంగతి అర్థమైంది. "ఇంట్లో చెప్పలేదా అన్నా? నాకు తెలవదన్నా" అంటూ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

సుధాకర్ కిందికి వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూలబడ్డాడు. ఏదీ దాచకుండా మొత్తం చెప్పాడు.

"భయమేసింది సుకన్యా. నీ మాటలు ఎవడి చేతిలోనన్నా పడితే నిన్నేం చేస్తారోనని. ఇట్టా అవుద్దని నాకేం తెలుసే?"

ఆమె లేచింది. ఒళ్లోని చిక్కుడుకాయలు గదంతా చెదిరాయి. తిట్టడం మొదలుపెట్టింది. పెదాలు చకచకా కదులుతున్నాయి, మెడ నరాలు ఉబ్బాయి, రంధ్రంలోంచి గాలి బుసబుసమని తన్నుకొస్తోంది. అతను ఆమె నోటినే చూస్తూ కూర్చున్నాడు. తన చావు కోరుతోందో, తన తెలివిని తిడుతోందో, పోయిన గొంతు తిరిగిమ్మని అడుగుతోందో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయాసం ముంచుకొచ్చేదాకా ఆమె ఆపలేదు.

సుధాకర్ నోటుబుక్కు, పెన్ను అందుకుని ఆమె ముందు పెట్టాడు.

"ఆ తిట్టేదేందో దీంట్లో రాయవే. నీకు దండం పెడతా, ఒక్కటన్నా రాయి."

ఆమె పుస్తకం మూసి అతని చేతిలోనే పెట్టేసింది. ఆ తర్వాత ఏం కావాలన్నా పక్కింటి ఆరోగ్యమ్మకు రాసి చూపించేది, అల్తాఫ్‌కు మెసేజ్ పెట్టేది. సుధాకర్‌కు మాత్రం మళ్లీ ఒక్క అక్షరం రాయలేదు.