తమరు ముందండి

ఇరవై ఏళ్ళు చుక్కాని పట్టినవాడు ఒక్క పందెమూ గెలవలేదంటే నమ్ముతారా? సరంగు సత్తియ్య గెలవలేదు. దొరగారి తెరచాప పడవ 'లిల్లీ'ని గోదావరి పాయ వైనతేయ మీద పరుగెత్తించేదంతా సత్తియ్యే. తీరా గెలుపు గెడలు కనబడగానే దొర "జరుగు" అని చుక్కాని లాక్కునేవాడు. కప్పు మీద దొర పేరు చెక్కేవారు. దాన్ని విబూదితో తోమే పని మాత్రం సత్తియ్యది.

నలభై ఏడులో దొర తట్టాబుట్టా సర్దుకున్నాడు. పోతూ పోతూ రెండు షికారు పడవలూ అమ్మేశాడు. లిల్లీని అల్లవరం భీమరాజు గారు కొన్నారు, రెండోదాన్ని నగరం శ్రీరామచంద్రమూర్తి గారు కొన్నారు. ఇద్దరికీ గాలి ఎటు వీస్తుందో కూడా తెలియదు. అయితేనేం, దొరలు పోయినా పందెం పోకూడదని పట్టుబట్టారు.

బోడసకుర్రు రేవు దిగువన నీళ్ళలో రెండు గెడలు పాతించారు. వాటి మధ్య నుంచి ముందు దాటిన పడవదే గెలుపు. కప్పు ఇవ్వడానికి అనంతపురం నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన తాసీల్దారు గారిని పిలిచారు.

"ఈసారి చుక్కాని ఎవడూ లాక్కోడే" అన్నాడు సత్తియ్య పొద్దున్నే పెళ్ళాం లోవమ్మతో. "కప్పు మనింటికొస్తది."

"రానీండి. విబూది తీసి ఉంచుతాను" అంది లోవమ్మ.

పందెం మొదలైంది. సత్తియ్య గాలిని ఒడిసిపట్టి లిల్లీని దూకించాడు. గెడలు ఇంకో యాభై బారలు ఉన్నాయనగా, వెనకబడ్డ పడవను చూసి భీమరాజు గారు గాభరాగా లేచి నిలబడ్డారు.

"ఒరేయ్, ఆపరా! మూర్తిగారి కంటే ముందెలా వెళ్తాం? మర్యాదేనా?"

సత్తియ్య తెరచాప దించి లంగరు వేశాడు. మూర్తిగారి పడవ వచ్చి పక్కనే ఆగింది. అదీ లంగరు వేసింది!

"ఆగిపోయేరేంటండీ? తమరు ముందండి" అన్నారు భీమరాజు గారు చేతులు జోడించి.

"అబ్బే, ఎంతమాటండీ! తమరు ముందండి."

"ఆయ్, పెద్దవారు తమరుండగానా?"

గంట గడిచింది. ఒడ్డున జనం తెచ్చుకున్న చద్దన్నాలు తినేశారు. తాసీల్దారు గారు కుర్చీలోనే గుర్రు పెట్టారు. వీళ్ళు మాత్రం జోడించిన చేతులు దించలేదు. సత్తియ్యకు ఏడుపొక్కటే తక్కువ. దొర కనీసం గెడలు దాటించేవాడు కదా!

ఇంతలో పోటు తగ్గి పాటు మొదలైంది. నీరు సముద్రం వైపు లాగడంతో రెండు పడవలూ లంగరు తాళ్ళ మీద గిర్రున తిరిగాయి. లిల్లీ వెనకభాగం సరిగ్గా గెడల వైపుకు వచ్చింది. సత్తియ్య చడీచప్పుడు లేకుండా లంగరు పీకేసి చుక్కాని గట్టిగా పట్టుకున్నాడు. లిల్లీ వెనక్కి వెనక్కి జారింది. భీమరాజు గారు మూర్తిగారి వైపే తిరిగి "తమరు ముందండి, తమరు ముందండి" అంటూనే గెడలు దాటిపోయారు.

జనం ఈలలు వేశారు. భీమరాజు గారి మొహం కందిపోయింది. "ఈ అపచారం నాది కాదండి! వీడిదండి! కప్పు కూడా వీడికే ఇవ్వండి!"

తాసీల్దారు గారు కప్పు చేత్తో పట్టుకుని అడిగారు. "ఏమప్పా, తీసుకుంటావా?"

సత్తియ్య చేతులు దురద పెట్టాయి. కానీ ఒక్కసారి అడిగితే పుచ్చుకునే మనిషి కోనసీమలో ఉంటాడా? గ్లాసుడు మజ్జిగకైనా మూడుసార్లు అడిగించుకోవాలి. మెలికలు తిరిగిపోయి "అబ్బే, నాకెందుకండి బాబూ" అన్నాడు.

"వద్దా? సరేప్పా" అని ఆయన కప్పు సంచిలో పడేసుకుని కారెక్కి వెళ్ళిపోయారు. ఒడ్డున అందరూ నోళ్ళు తెరిచారు. అంత పెద్దాయనకు తప్పని చెప్పడం మర్యాద కాదని ఒక్కడూ నోరు మెదపలేదు.

ఆ పూట సత్తియ్య అన్నం ముట్టలేదు. లోవమ్మ విబూది పొట్లం గూట్లో పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే సత్తియ్య అమలాపురం తాలూకా కచేరీలో తాసీల్దారు గారి బల్ల ముందు నిలబడ్డాడు. కప్పులో కలాలు గుచ్చి ఉన్నాయి.

"అయ్యా, నిన్న వద్దన్నది మొదటిసారండి. రెండోసారి అడిగించుకుందామని వచ్చేనండి."

తాసీల్దారు గారు కలాలు బల్ల మీద కుమ్మరించి కప్పు ముందుకు పట్టారు. "ఇప్పుడన్నా తీసుకుంటావా?"

"అబ్బే, నాకెందు..." అనేసి సత్తియ్య గబుక్కున నోరు మూసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మూడోసారి అడగండి బాబూ, తొందరగా!"