ఆకుపచ్చ సిరా కార్డులు

మార్లీన్ హుడాక్‌కి తమ్ముడి మీద అనుమానం మొదలై నలభై మూడేళ్లయింది. ఆవిడకి వయసు మీదపడింది గానీ అనుమానం మాత్రం నిన్న పుట్టినట్టే నిగనిగలాడుతోంది. తమ్ముడు రీజస్ ప్రతి క్రిస్మస్‌కీ వచ్చి, పుట్టగొడుగుల సూపు తాగి, గిన్నెలన్నీ కడిగిపెట్టి మరీ వెళ్లేవాడు. అతను వీధి మలుపు తిరగ్గానే ఆవిడ బీరువా సొరుగులు ఒక్కొక్కటే లాగి చూసుకునేది. ఎప్పుడూ ఏదీ పోలేదు. ఏదీ పోకపోవడం ఆవిడకి మరింత అనుమానంగా ఉండేది.

పోయింది ఒక్కసారే, 1960 వేసవిలో. అప్పుడు మార్లీన్‌కి పన్నెండేళ్లు, రీజస్‌కి పది. ఆ పిల్ల మంచం కింద బూట్ల అట్టపెట్టె ఒకటి ఉండేది. దాన్నిండా బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల కార్డులు, అన్నీ సొంత ఊరు పిట్స్‌బర్గ్ జట్టు పైరేట్స్ వాళ్లవే. చూయింగ్ గమ్ పొట్లంలో వేరే ఊరి జట్టువాడి కార్డు వస్తే కొట్టు మెట్ల మీదే ఎవడో ఒకడికి అంటగట్టి, పైరేట్స్ కార్డు పుచ్చుకుని గానీ ఇంటికి వచ్చేది కాదు. ఆ వేసవిలో పిన్ని ఇంట్లో వారం రోజులుండి వచ్చేసరికి మంచం కింద పెట్టె లేదు.

ఇల్లు సర్దుతూ పారేశానని తల్లి చెప్పింది. ఖాళీ జామ్ సీసాలు, రొట్టె సంచులు, తెగిన బూట్ల తాళ్లు కూడా సెల్లార్లో దాచుకునే మనిషి ఆ తల్లి. ఆవిడ పారేసిందంటే నమ్మడానికి మార్లీన్ ఏమీ వెర్రిబాగులది కాదు. పైగా రీజస్ ఆ నెల్లాళ్లూ అక్క మొహంలోకి చూడలేదు. దొంగ దొరికిపోయినట్టే, కాకపోతే ఒప్పుకోలేదు. ఆ అక్టోబర్లో పైరేట్స్ వరల్డ్ సిరీస్ కప్పు గెలిచి పిట్స్‌బర్గ్ ఊరంతా వీధుల్లో గంతులేస్తుంటే మార్లీన్ ఒక్కతే గుమ్మంలో కూచుని ఏడ్చింది. ఆ ఏడుపు బాకీ తమ్ముడిదేనని అప్పుడే తీర్మానించేసుకుంది.

పెద్దయ్యాక మళ్లీ మొదటి నుంచీ పోగుచేసింది. జట్టు పదేళ్లుగా వరసపెట్టి ఓడిపోతున్నా ఏ ఏడాది కార్డులూ వదల్లేదు. స్కూలు బస్సు తోలుతూ, ఆదివారాలు ఫైర్‌స్టేషన్ హాల్లో జరిగే కార్డుల సంతకు వెళ్లేది. వంటగదిలో ఆడవాళ్లు వెన్నలో ఉల్లిపాయలు వేయిస్తూ, బంగాళాదుంప ముద్ద కూరిన పిరోగీలు అమ్ముతుంటే, హాల్లో మగవాళ్లు బల్లల నిండా కార్డులు పరిచేవాళ్లు. మార్లీన్ భూతద్దం తీసి ప్రతి కార్డు అంచులూ చూసేది. అరిగిన అంచుని కత్తిరించి కొత్తదిలా అమ్మేవాళ్లు ఉంటారు మరి. ఆవిడ వస్తుంటే కొందరు బల్ల మీద గుడ్డ కప్పేసుకుని పిరోగీలకి పోయేవాళ్లు.

ఆ మార్చి నెల ఆదివారం వెర్న్ అనే ముసలాయన బల్ల దగ్గర, కాఫీ ఫ్లాస్కు కింద నుంచి ఒక కార్డు అంచు కనబడింది. దాని మీద ఆకుపచ్చ గీత ఉంది. మార్లీన్ చెయ్యి దానంతటదే ముందుకెళ్లి ఫ్లాస్కు ఎత్తింది.

గిల్ ట్రెస్లర్, షార్ట్‌స్టాప్ స్థానంలో ఆడేవాడు, 1959. కార్డులు చలికాలంలోనే అచ్చవుతాయి. ఆ ఏడాది నడిమధ్యలో సిన్సినాటి జట్టువాళ్లు ట్రెస్లర్‌ని పైరేట్స్‌కి ఇచ్చేశారు. మనిషి మనవాడయ్యాడు గానీ కార్డు మీద ఇంకా పరాయి జట్టు పేరే ఉంది. అది ఏ పిల్లకైనా కంటికి ముల్లే. అందుకే పాత పేరు కొట్టేసి, కింద పైరేట్స్ అని సిరాతో రాసేవాళ్లు. మార్లీన్‌ది ఆకుపచ్చ సిరా. అలా రాసిన కార్డుని ఇప్పుడు ఎవరూ ముట్టుకోరు. మార్లీన్ మాత్రం ఇంకొక్క పని కూడా చేసేది. నాన్న పక్కన కూచుని రేడియోలో ఆ వార్త విన్న తేదీని కార్డు కింది మూలలో చిన్నగా వేసుకునేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ కార్డు మూలలో జూన్ 9 అని ఉంది.

కార్డు ఎంత అని ఏమీ ఎరగనట్టు అడిగింది.

"అది అమ్మనమ్మా. ఒకాయనకి తీసిపెట్టాను."

"ఎవరికి?"

"రీజస్ అని, సిటీ బస్సు తోలతాడు. ఆకుపచ్చ సిరా పడ్డ పైరేట్స్ కార్డు ఏది దొరికినా తనకే ఇమ్మంటాడు. ఇప్పుడా, ఎన్నేళ్ల నుంచో. పాడైపోయినవి ఎందుకయ్యా అంటే నవ్వి ఊరుకుంటాడు."

మార్లీన్‌కి ఒళ్లు మండిపోయింది. ఎందుకో ఆవిడకి క్షణంలో అర్థమైపోయింది. సాక్ష్యాలు ఏరుకుంటున్నాడు. అక్క ప్రతి ఆదివారం సంతలు తిరుగుతుందనీ, ఏదో ఒకరోజు తన చేతి గీత తనే గుర్తుపడుతుందనీ భయపడి, ముందే దొరకబుచ్చుకుని తగలబెడుతున్నాడు. లేకపోతే వాళ్లింటి సెల్లార్లో ఆ ఇనుప బీరువాకి తాళం ఎందుకు? చలికోట్లు పెట్టుకునే బీరువాకి తాళం వేసే మనిషిని ఆవిడ ఎక్కడా చూడలేదు. నేను వాడి అక్కనే, నేనిస్తాలే అని వెర్న్‌తో చెప్పి, కార్డు పర్సులో పెట్టుకుని, పిరోగీల వైపు కన్నెత్తి కూడా చూడకుండా బయటపడింది.

రీజస్ ఇల్లు నదికి అవతల, కొండ మీద. భార్య చర్చిలో బింగో ఆటకి వెళ్లిందట, అతను ఒక్కడే సెల్లార్లో రేడియో బాగుచేసుకుంటున్నాడు. మార్లీన్ కోటు విప్పలేదు, కూర్చోలేదు. బీరువా తాళం తియ్యమంది. రీజస్ ఎర్రబడ్డాడు. అందులో ఏమీ లేదన్నాడు, తాళంచెవి ఎక్కడో పడిపోయిందన్నాడు. తాళంచెవి అతని మెడలో శిలువ పక్కనే వేలాడుతోంది.

"నా పెట్టె అమ్మేశావు కదరా."

ఈ మాట నలభై మూడేళ్లుగా ఆవిడ నోట్లో నానుతోంది. అన్నాక అతను ఏమేం బుకాయిస్తాడో, దేనికేం జవాబు చెప్పాలో అన్నీ సిద్ధం చేసుకునే ఉంది.

"అమ్మేశానక్కా," అన్నాడు రీజస్.

చేతిలో ఇన్ని జవాబులున్నాయి, ఒక్కటీ అక్కరకు రాలేదు. మార్లీన్ వాషింగ్ మెషీన్‌కి ఆనుకుని నిలబడింది. అతనే చెప్పుకొచ్చాడు. పార్కులో రంగులరాట్నం టికెట్ల కోసం పై వీధి కుర్రాడికి పెట్టె మొత్తం ఇచ్చేశాడు. ఒక్క మధ్యాహ్నం తిరిగాడు, కడుపులో తిప్పి వాంతి చేసుకున్నాడు. తల్లికి తెలిసి చెక్క గరిటెతో వాయించింది. తిరిగి తెమ్మని పంపితే ఆ కుర్రాడు అప్పటికే వీధి వీధికీ పంచేశాడు.

"నేనే పారేశానని చెప్తాలే అంది అమ్మ. అక్కకున్నది నువ్వొక్కడివేరా, నిన్ను అసహ్యించుకుంటే దానికెవరున్నారు, ఆ కోపమేదో నా మీదే ఉండనీ అంది."

అమ్మ తన మీదే ఉండనీ అన్న కోపం అమ్మ మీద ఉండలేదు. అది తిన్నగా వీడి మీదే వచ్చి కూచుంది. మార్లీన్‌కి తల్లి మీద జాలేసింది, అంత కష్టపడి చెప్పిన అబద్ధం ఒక్కరోజు కూడా నిలబడనందుకు.

రీజస్ మెడలోని తాళంచెవి తీసి బీరువా తెరిచాడు. చలికోట్ల వెనక నుంచి నీలం అట్ట ఆల్బం తీశాడు. అందులో రెండే రెండు ప్లాస్టిక్ పేజీలు, పేజీకి తొమ్మిది అరలు. గీతలున్న కార్డులు నీకు పద్దెనిమిది ఉండేవని గుర్తు అన్నాడు. ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నాడట. పదిహేడు దొరికాయి, ఇంకొక్కటి దొరికాక అన్నీ కలిపి క్రిస్మస్‌కి చేతికిద్దామనుకున్నాడు.

మార్లీన్ భూతద్దం తియ్యబోయి మానేసింది. అవసరం లేకపోయింది. పదిహేడింటిలో ఒక్కదాని మూలలోనూ తేదీ లేదు. ఒకటి ఎడమచేతి వాటం పిల్లాడు రాశాడు, అక్షరాలన్నీ వెనక్కి వాలిపోయాయి. ఒకదాని మీద సిరా అలికేసి ఉంది. ఒకదాని మీద పైరేట్స్ బదులు హుర్రే అని రాసి, ఆటగాడికి మీసాలు కూడా పెట్టారు. ఆకుపచ్చ సిరా నాన్న ఉక్కు మిల్లు ఆఫీసుది. ఆ రోజుల్లో మిల్లులో పనిచేసిన ప్రతి ఇంట్లోనూ ఆ సిరా పెన్ను ఒకటి ఉండేది. ఊళ్లో సగం మంది పిల్లల కార్డులు తమ్ముడు ఇరవై ఏళ్లు ఏరి తెచ్చాడు. వాటిలో అక్కవి ఒక్కటీ లేవు.

పాత అలవాటు కొద్దీ మరో అనుమానం తల ఎత్తింది. నన్ను బుజ్జగించడానికి ఏవో చవక కార్డులు కొని పెట్టాడేమో. ఆవిడ తమ్ముడి మొహంలోకి చూసింది. అతను మీసాలున్న కార్డు మీద వేలు పెట్టి, దీన్ని నువ్వు వసారాలో కూచుని రాస్తుంటే నేను చూశానక్కా అన్నాడు. నిజంగానే చూసినట్టు, ఆ వసారా ఇప్పుడూ కనబడుతున్నట్టు చెప్పాడు. అనుమానం అక్కడే చచ్చిపోయింది. మార్లీన్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"అన్నీ నీవేనా? సరిగ్గా చూడు. నాకు ఒకటి రెండింటి మీద డౌటుంది," అన్నాడు రీజస్.

"అన్నీ నావేరా."

పర్సులోంచి ట్రెస్లర్ కార్డు తీసి ఇచ్చింది. వెర్న్ నీకిమ్మన్నాడు, ఇదే పద్దెనిమిదోది అంది. రీజస్ దాన్ని దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పాడు. ముందు మొహం వెలిగింది, తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇది నీది కాదేమో అక్కా. మూలలో ఏదో తేదీ ఉంది చూడు. మిగతా వాటిలో ఒక్కదాని మీద కూడా లేదు. వెర్న్ గాడు ఎవరిదో తెచ్చి మనకి అంటగట్టినట్టున్నాడు."

మార్లీన్ ఆ తేదీ వైపు చూసింది. జూన్ 9న నాన్న రేడియో చప్పుడు పెంచి, నీ ట్రెస్లర్ మనకొచ్చాడే అని కేకేశాడు.

"ఎవరిదైతే ఏంలే. పెట్టెయ్, అర ఖాళీగా ఉంది కదా," అంది ఆవిడ, అప్పుడు కోటు విప్పుతూ.

రీజస్ ఇంకోసారి దాన్ని వెనక్కి తిప్పి చూసి, నమ్మకం కుదరకపోయినా, ఆఖరి అరలో దూర్చాడు.