పనిముట్ల మధ్య డబ్బా

“రాక్షసా? ఇంటికి రాక్షసుణ్ని తెప్పించినావేట్రా?”

గుమ్మంలో కొరియర్ మనిషి “రిలాక్సర్” అని అరిస్తే యోగేశ్ తల్లి కాసులమ్మకి వినపడింది అది. “జుట్టు సాపు చేసే మందే అమ్మా” అన్నాడతను. ఆవిడ కుదుటపడింది. “అయితే ఆ పిచికగూడుకి దిట్టంగా పట్టించు.”

పిచికగూడంటే కోడలు సుజన తల. పట్టుదారంలాంటి సన్నటి ఉంగరాల జుట్టు. నిశ్చితార్థంలో ఉంగరం తొడిగి మురిసిన మొగుడికి ఉంగరాల జుట్టు మాత్రం మూడేళ్లుగా నామోషీ. వచ్చే నెల విశ్వకర్మ పూజకి, అతను పనిచేసే లిలువా రైల్వే వర్క్‌షాపులోకి కుటుంబాలనీ రానిస్తారు. ఫోర్‌మన్ పక్కన ఫొటో దిగాలి.

సన్నజుట్టుకి పది నిమిషాలు దాటకూడదని డబ్బా మీదే ఉంది. సుజన చదివి వినిపించింది కూడా. కానీ యోగేశ్ బోగీలకి రంగులు వేసే మనిషి.

“రాసినోడికేటి తెల్సు? పాత పెయింటు ఊడాలంటే నలభై నిమిషాలు నాననివ్వాల.”

“మండుతోందండీ.”

“మండిందంటే పట్టిందన్నమాట. కదలకు.”

మందు పేరు రిలాక్సరే గానీ, రిలాక్సయింది కుర్చీలో క్రికెట్ చూసిన యోగేశ్. కడిగేసరికి జుట్టు ఉడికిన సేమియాలా చేతికొచ్చింది. నెత్తిన బొబ్బలు. అవి మానాక, మిగిలిన పీచుని మిషనుతో తీయించుకుంది. మందు పెట్టిన రోజున బాత్రూం తూములోంచి జుట్టు ఏరిందీ, నేల కడిగిందీ, ఆ చేతులతోనే ఇద్దరికీ రొట్టెలు చేసిందీ సుజనే. జుట్టు మాత్రం పారెయ్యలేదు.

“ఎవరడిగినా సింహాద్రప్పన్నకి తలనీలాలిచ్చానని చెప్పు. నా ప్రమోషన్ కోసం మొక్కని చెప్పు” అన్నాడు యోగేశ్. ఆమె అనేలోపే క్వార్టర్సంతా తనే చాటేశాడు.

పూజనాడు దేవుడి ముందు సుత్తులు, పానాలు, పెయింటు బ్రష్షులు బొట్లు పెట్టుకుని కూర్చున్నాయి. ఫోర్‌మన్ భార్య రమాకుమారి సుజన చేతులు పట్టుకుంది. “మొగుడి కోసం జుట్టిచ్చేసినావా తల్లీ! యోగేశూ, అదృష్టమంటే నీదయ్యా!”

యోగేశ్ వినయంగా నవ్వాడు. ఆ నవ్వుకి సుజన నెత్తి మళ్లీ మండింది. సంచీలోంచి ఖాళీ మందు డబ్బా తీసి అతని బ్రష్షుల మధ్య పెట్టింది. దాని మీద జుట్టు ఉండ.

“ఎటా కీ, బౌదీ?” ఇదేంటి వదినా అంటూ బెంగాలీ పూజారి బిత్తరపోయాడు.

“మా ఆయన పనిముట్టు, దాదా.”

తర్వాత అందరికీ వినపడేలా, ముందు తెలుగులో, మళ్లీ హిందీలో చెప్పింది. “మొక్కు లేదు, సింహాచలం లేదు. పది నిమిషాల మందు నలభై నిమిషాలుంచారు. మండుతోందంటే కదలొద్దన్నారు. నా జుట్టు అప్పన్న అడగలేదు. ఈయన ఊడదీశారు.”

రమాకుమారి చేతులు వదల్లేదు గానీ, చూపు యోగేశ్ మీదికి మళ్లించింది. ఫొటోగ్రాఫర్ కెమెరా దించేశాడు.

“దించకండి” అంది సుజన. తల మీది చెంగు భుజం మీదికి జార్చి, తలెత్తి, మొగుడి పక్కన నిలబడింది. “ఈ ఫొటో కోసమే కదా ఇదంతా. తియ్యండి.”